రిటైర్మెంట్‌కి ముందే వీలునామా, నామినీల పని: ఎక్కడ మొదలుపెట్టాలి?

బానసవాడి_రావు:
అందరికీ నమస్కారం. వచ్చే మార్చిలో నాకు రిటైర్మెంట్. మాది ప్రకాశం జిల్లా, ఉద్యోగం వచ్చినప్పట్నుంచీ బెంగళూరులోనే ఉన్నాం. బానసవాడిలో ఒక ఫ్లాట్ ఉంది, ఊళ్లో నాన్నగారి నుంచి నా వాటాకి వచ్చిన మూడెకరాలు ఉన్నాయి, ఇవి కాక పీఎఫ్, గ్రాట్యుటీ, బ్యాంకు డిపాజిట్లు, కొద్దిగా మ్యూచువల్ ఫండ్లు, రెండు ఎల్‌ఐసీ పాలసీలు. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి హైదరాబాద్‌లో అత్తవారింట. ఆఫీసులో నాతోపాటు దిగిపోతున్నవాళ్లంతా ఎఫ్‌డీ వడ్డీలు, సీనియర్ సిటిజన్ స్కీములు లెక్కలేసుకుంటున్నారే గానీ మనం పోయాక ఇవన్నీ ఎవరి చేతికి ఎలా వెళ్తాయన్న మాట ఒక్కరూ ఎత్తడం లేదు. ఇంట్లో నేను ఎత్తితే మా ఆవిడ "శుభమా అని రిటైర్ అవుతుంటే ఆ మాటలేంటి" అని లేచి వెళ్లిపోతోంది. అన్నిచోట్లా నామినీగా అక్క పేరే ఉంది కదా, వీలునామా అనేది గొడవలున్న ఇళ్లకి, మీకెందుకు బావా అంటాడు మా బావమరిది. అది నిజమేనా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

కేఆర్‌పురం_చైతన్య:
నామినీ ఉంటే చాలండి. మా నాన్నగారు పోయినప్పుడు డెత్ సర్టిఫికెట్, అమ్మ ఆధార్ ఇచ్చాం, ఎఫ్‌డీలన్నీ అమ్మ అకౌంట్లోకి వచ్చేశాయి. వీలునామా, లాయరు, రిజిస్ట్రేషను ఇదంతా అనవసరపు టెన్షన్.

జయనగర్_ఆడిటర్:
చైతన్య గారూ, మీ ఇంట్లో సాఫీగా జరిగిందంటే మీ అన్నదమ్ములెవరూ పేచీ పెట్టలేదు కాబట్టి. అదృష్టం. కానీ రావు గారికి ఆ మాట చెప్పి పంపేయకండి, ఎందుకంటే నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి, అంతే. బ్యాంకు నామినీకి ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది, ఆ డబ్బు ఎవరిదన్నది మాత్రం వీలునామా చెప్తుంది, అది లేకపోతే వారసత్వ చట్టం చెప్తుంది. షేర్ల విషయంలో కూడా నామినీ యజమాని కాడని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో తేల్చేసింది. ఒక్క లైఫ్ ఇన్సూరెన్స్‌లో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులను నామినీగా పెడితే ఆ డబ్బు వాళ్లదే అవుతుంది.

అసలు సంగతి ఫ్లాట్ దగ్గర ఉంది రావు గారూ. స్థలానికీ, పొలానికీ నామినీ అన్నదే ఉండదు. హౌసింగ్ సొసైటీ అయితే నామినీ పేరు రాయించుకుంటుంది గానీ దాంతో యాజమాన్యం రాదు. మీరు వీలునామా లేకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ భార్య, కొడుకు, కూతురు, మీ అమ్మగారు ఉంటే ఆవిడ, అందరికీ సమాన వాటాలు. అంటే మీ ఆవిడ తను ఉంటున్న ఇంట్లో తను మూడో వంతుకో నాలుగో వంతుకో మాత్రమే హక్కుదారు. పిల్లలు బంగారాలే అనుకోండి, అయినా ఆ ఫ్లాట్ అమ్మి చిన్నదానికి మారాలంటే అబ్బాయి డల్లాస్ నుంచి పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపాలి, అమ్మాయి వచ్చి సంతకం పెట్టాలి. గొడవ ఉంటేనే వీలునామా అనే మాట ఇక్కడే తేలిపోతుంది. గొడవ లేని ఇంట్లో కూడా అది ఆ తల్లికి చేతిలో ఉండే బలం.

పొలం సంగతి వేరేగా చూడాలి. ఆ మూడెకరాలు మీ నాన్నగారు తన సంపాదనతో కొన్నవా, తాతల నుంచి వస్తున్నవా? నాన్నగారి స్వార్జితమై, ఆయన తర్వాత వారసత్వంగా మీకొస్తే అది మీ సొంతం, మీ ఇష్టం వచ్చినవాళ్లకు రాయొచ్చు. తాతల నాటి ఉమ్మడి ఆస్తి పంచుకుంటే వచ్చిన వాటా అయితే అందులో మీ అబ్బాయికీ అమ్మాయికీ పుట్టుకతోనే హక్కు ఉంటుంది, మీ భాగానికే మీరు వీలునామా రాయగలరు. 2005 సవరణ తర్వాత కూతురికీ సమాన హక్కే, 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన వినీతా శర్మ తీర్పుతో అందులో సందేహాలూ తీరిపోయాయి. ఇంకో మాట, ఆ పొలం అడంగల్‌లో, పాస్‌బుక్‌లో మీ పేరు మీదకి మారిందా, ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందా? చాలామందిది ఇక్కడే ఆగి ఉంటుంది. మీరు ఉండగా, ఊళ్లో మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఉండగా మార్పించుకోండి. డల్లాస్ అబ్బాయి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగలేడు.

హొరమావు_సుజాత:
ఆడిటర్ గారు చెప్పినది అక్షరాలా నిజం, మా అక్క విషయంలో కళ్లారా చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను, కాస్త ఓపికగా చదవండి.

మా బావగారు ఉద్యోగంలో ఉండగానే, రిటైర్మెంట్‌కి ఇంకా కొన్నేళ్లుండగా, గుండెపోటుతో పోయారు. చాలా పద్ధతైన మనిషి, ప్రతి కాగితం దాచేవారు. బీరువాలో ఫైళ్లు వరసగా ఉన్నాయి. అయినా పీఎఫ్‌లో నామినీగా ఆయన అన్నగారి పేరు ఉంది, పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరినప్పుడు రాసిచ్చిన ఫారం అది. పీఎఫ్ నియమాల్లో కుటుంబం లేనప్పుడు రాసిన నామినేషన్, పెళ్లయి కుటుంబం ఏర్పడగానే చెల్లదు. అంటే అన్నగారికీ రాదు, అక్క పేరూ ఎక్కలేదు, మొత్తం మొదట్నుంచి రుజువులు పెట్టుకుని రావాలి. షేర్లుండే డీమ్యాట్ ఖాతాలో కూడా అన్నగారే నామినీ. ఆయన దేవుడు లాంటి మనిషి, నెల్లూరు నుంచి వచ్చి అన్ని సంతకాలూ పెట్టారు, ఆయనే అడ్డం తిరిగి ఉంటే మా అక్క గతి ఏమయ్యేదో.

సింగిల్ పేరు మీద ఉన్న ఒక డిపాజిట్‌కి నామినీ లేడు. బ్యాంకు వాళ్లు వారసులందరి సంతకాలు అడిగారు, అందులో అక్క అత్తగారు కూడా ఉన్నారు, కొడుకు పోతే తల్లికీ వాటా ఉంటుందని మాకు అప్పటిదాకా తెలియదు. మంచంలో ఉన్న మనిషి చేత వేలిముద్ర వేయించాల్సి వచ్చింది, కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న ఆవిడకి అదేంటో వివరించి చెప్పడం మా వల్ల కాలేదు.

ఇక పేర్ల గొడవ. మనవాళ్లకి ఇంటిపేరు ముందు ఉంటుంది కదా. ఆయన ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో చివర, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒట్టి ఇనిషియల్, ఫ్లాట్ సేల్ డీడ్‌లో ఇనిషియల్‌కి తోడు తండ్రి పేరు. అన్ని పేర్లూ ఒకే మనిషివి అని స్టాంపు పేపర్ మీద అఫిడవిట్లు చేయించి చేయించి విసిగిపోయాం. బతికుండగా అయితే ఆ మనిషే వెళ్లి సరిచేయించుకుంటాడు, పోయాక ఎవరు చేయించాలి?

అన్నిటికంటే బాధేసింది ఒక పాలసీ సంగతి. అది ఉందని ఎవరికీ తెలియదు. అక్క ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు తీయించి, స్కేలు పెట్టి ఒక్కో వరసా చదువుతూ కూర్చుంటే, ఏడాదికోసారి ఒకే మొత్తం కట్ అవుతున్నట్టు కనిపించింది. అలా దొరికింది. ఆయన ఫోన్‌కి రీచార్జి చేయక సిమ్ ఆగిపోయింది, దాంతో ఓటీపీలు రావడం ఆగిపోయింది. ఇంట్లో ఎవరైనా పోతే ముందు ఆ సిమ్ బతికించుకోండి, ఇది నా మాటగా గుర్తుపెట్టుకోండి.

కేఆర్‌పురం_చైతన్య:
సుజాత గారూ, చదువుతుంటే గుండె బరువెక్కింది. పీఎఫ్ నామినీ నిజంగా ఎవరున్నారో నేనూ ఇప్పుడే లాగిన్ అయి చూస్తాను. దీన్ని ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చా?

హొరమావు_సుజాత:
మార్చుకోవచ్చు తమ్ముడూ. పీఎఫ్ మెంబర్ పోర్టల్‌లో ఈ-నామినేషన్ ఉంది, ఆధార్ లింకు, ఫోటో ఉండాలి, చివర్లో ఈ-సైన్ చేయడం మర్చిపోకు. అది చేయకపోతే సగంలో ఆగిపోతుంది. గ్రాట్యుటీ నామినేషన్ వేరు, అది కంపెనీ హెచ్‌ఆర్ దగ్గర. ఉద్యోగంలో ఉండగానే అడిగి కాపీ తీసుకో.

జయనగర్_ఆడిటర్:
ఈ మాట రావు గారికి కూడా. మార్చి దాటాక హెచ్‌ఆర్‌లో మీకోసం ఫైలు వెతికేవాళ్లు ఉండరు. సర్వీసులో ఉండగా పోతే పీఎఫ్‌తోపాటు ఈడీఎల్ఐ ఇన్సూరెన్స్ 7 లక్షల దాకా వస్తుంది, కంపెనీ గ్రూప్ టర్మ్ పాలసీ ఉంటే అదీ వస్తుంది. దిగిపోయిన రోజుతో ఈ రెండూ పోతాయి, కాబట్టి ఆ తర్వాత ఇంటావిడకి ఎంత మిగులుతుందో లెక్క మళ్లీ వేసుకోవాలి.

నామినీల్లో కొత్తవి కూడా తెలుసుకోండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కి నలుగురు దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో రాయొచ్చు, లేదా ఒకరి తర్వాత ఒకరు అని రాయొచ్చు. లాకర్‌కి మాత్రం ఒకరి తర్వాత ఒకరే. మ్యూచువల్ ఫండ్లకీ డీమ్యాట్‌కీ పది మంది దాకా అవకాశం ఉంది. వీలునామాలో ఒకరి పేరు, నామినీగా ఇంకొకరి పేరు పెట్టి కొట్లాటకి మీరే విత్తనం వేయకండి. రెండూ ఒకేలా ఉంచండి.

కోరమంగళ_శ్రీను:
నా అభిప్రాయం వేరు. వీలునామా అంటే ఎప్పుడో అమలయ్యేది, దాన్ని కోర్టులో సవాలు చేస్తారు, సంతకం ఆయనది కాదంటారు. దానికంటే ఇప్పుడే పిల్లల పేరు మీద గిఫ్ట్ డీడ్ చేసేయండి. కర్ణాటకలో కుటుంబ సభ్యులకి ఇస్తే స్టాంపు డ్యూటీ కొద్ది వేలల్లోనే అయిపోతుంది, దగ్గరి బంధువులు కాబట్టి ఇన్‌కమ్ టాక్సూ ఉండదు. మా పెద్దనాన్న అలాగే చేశారు, హాయిగా ఉన్నారు.

యలహంక_పార్వతి:
శ్రీనూ, మీ పెద్దనాన్నగారి పిల్లలు మంచివాళ్లు కాబట్టి హాయిగా ఉన్నారు, సంతోషం. కానీ అది చూసి అందరికీ సలహా ఇవ్వకు బాబూ. రిజిస్టర్ చేసిన గిఫ్ట్‌ని నాకిష్టం లేదని వెనక్కి తీసుకోలేం. వీలునామా అయితే బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. అరవై ఏళ్లకి ఇల్లు ఇచ్చేసి, ఇంకో పాతికేళ్లు ఆ ఇంట్లో కొడుకు దయ మీద, కోడలి ముఖం చూసుకుంటూ బతకాల్సిన అవసరం ఏముంది? మా వీధిలోనే ఉంది అలాంటి ఇల్లు, ఆ పెద్దాయన పొద్దున్నే పార్కులో కూర్చుని టిఫిన్ వేళ దాటాకే ఇంటికి వెళ్తారు.

ఇచ్చి తీరాలనుకుంటే డీడ్‌లోనే స్పష్టంగా రాయించుకోండి, నేనూ నా భార్యా బతికున్నంత కాలం ఇక్కడే ఉంటాం, అద్దె వస్తే మాకే, మమ్మల్ని చూసుకోవాలి అని. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, చూసుకుంటామన్న షరతుతో ఇచ్చి, వాళ్లు చూసుకోకపోతే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తల్లికి అలాగే ఇల్లు తిరిగి ఇప్పించింది. షరతు కాగితం మీద లేకపోతే మాత్రం చాలా కష్టం.

కోరమంగళ_శ్రీను:
జీవితకాల హక్కు పెట్టుకోవచ్చని తెలుసు గానీ షరతు రాయకపోతే ఇంత తేడా ఉంటుందనుకోలేదు పార్వతక్కా. పెద్దనాన్న డీడ్ ఒకసారి తీసి చూడమంటాను.

నెల్లూరు_పద్మజ:
ఇక్కడ అందరూ మగవాళ్ల ఆస్తి గురించే మాట్లాడుతున్నారు. రావు గారూ, మీ ఆవిడ వీలునామా సంగతేంటి? ఆవిడ బంగారం, పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం ఏమైనా ఉంటే అది, ఆవిడ పేరు మీది డిపాజిట్లు? పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమికి మన వైపు చాలా ఇళ్లలో కాగితమే ఉండదు, నోటిమాటే. అన్నదమ్ములు ఉన్నప్పుడే రాయించుకోకపోతే వాళ్ల పిల్లలు ఆ మాట గుర్తుంచుకోరు.

పిల్లలు లేని ఆడవాళ్లు, ఒంటరిగా ఉన్న వితంతువులు దీన్ని మరీ శ్రద్ధగా చదవండి. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం భర్తా పిల్లలూ లేని స్త్రీ వీలునామా లేకుండా పోతే, ఆమె సొంత కష్టార్జితం ముందు భర్త తరఫు వారసులకి వెళ్తుంది. కన్న తల్లిదండ్రులది ఆ తర్వాతి వరస. ఓంప్రకాశ్ కేసు అని 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోతే అత్తింటివాళ్లు ఆమెని వెళ్లగొట్టారు, పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసింది, వీలునామా రాయకుండా పోయింది. ఆమె పీఎఫ్, బ్యాంకు డబ్బు అంతా ఆ భర్త అక్కచెల్లెళ్ల పిల్లలకే వెళ్లింది. కోర్టు సానుభూతి చూపింది గానీ చట్టం అలా ఉంది. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చినది మాత్రం పిల్లలు లేకపోతే తిరిగి తండ్రి వారసులకి వెళ్తుంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టే ఆడవాళ్లందరూ వీలునామా రాసుకోండమ్మా అని విజ్ఞప్తి చేసింది. నేను ఐటీలో పనిచేస్తున్న అమ్మాయిలందరికీ ఇదే చెప్తున్నాను, అరవై దాకా ఆగకండి.

బెళ్లందూరు_వేణు:
బెంగళూరు ఐటీవాళ్లకి సంబంధించిన ఒక విషయం, దీన్ని ఎక్కడా ఎవరూ చెప్పరు. మనదేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే ఎత్తేశారు, వారసత్వ పన్ను లేదు. కానీ మీ దగ్గర అమెరికా కంపెనీ ఆర్‌ఎస్‌యూలు, అంటే ఉద్యోగులకి కంపెనీ ఇచ్చే షేర్లు, లేదా కొన్న షేర్లు ఉంటే, మీరు ఇక్కడే ఉండి ఇక్కడే పోయినా, ఆ షేర్ల మీద అమెరికా ఎస్టేట్ టాక్స్ పడుతుంది. అక్కడి పౌరులూ నివాసులూ కానివాళ్లకి మినహాయింపు 60,000 డాలర్లే, దాని పైన శ్లాబులు పెరుగుతూ 40 శాతం దాకా వెళ్తాయి. మనకీ వాళ్లకీ మధ్య ఎస్టేట్ టాక్స్ ఒప్పందం కూడా లేదు. ఇరవై ఏళ్లు ఒకే కంపెనీలో ఉన్నవాళ్లకి ఆ హద్దు దాటడం ఎంతసేపు? రిటైర్మెంట్ దగ్గర పడేకొద్దీ ఏటా కొంత అమ్మి డబ్బు ఇక్కడికి తెచ్చుకోవడం మంచిది, క్యాపిటల్ గెయిన్స్ ఎలా పడతాయో మీ ఆడిటర్‌ని అడిగి చేయండి.

మల్లేశ్వరం_వాణి:
పోయాక సంగతే అందరూ మాట్లాడుతున్నారు. మనిషి ఉండి, మతి లేకపోతే? మా నాన్నగారికి మతిమరుపు జబ్బు. ముందు బ్యాంకులో సంతకం కలవడం ఆగింది, తర్వాత తన పేరు రాయడమే ఆగింది. ఆయన మంచిగా ఉన్నప్పుడు నా పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చారు, దాంతో పని నడుస్తుందనుకున్నాం. మన చట్టంలో ఇచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ పవర్ కూడా పోతుందని లాయరు చెప్పారు. అంటే సరిగ్గా అవసరమైనప్పుడే అది పనికిరాదు. గార్డియన్‌గా నియమించమని హైకోర్టుకి వెళ్లాల్సి వచ్చింది, ఆయన డబ్బుతోనే ఆయనకి నర్సుని పెట్టడానికి.

అందుకే చెప్తున్నా, ఇల్లు గడవడానికి కావలసిన డిపాజిట్లు, ఫండ్లు భార్యాభర్తల ఇద్దరి పేర్లతో పెట్టుకుని "ఈదర్ ఆర్ సర్వైవర్" అని రాయించుకోండి, ఒకరి సంతకంతోనే పని జరుగుతుంది. ఇద్దరూ సంతకం పెట్టాలన్న పద్ధతి పెట్టుకోకండి. వైద్యం గురించి కూడా రాసి పెట్టొచ్చు. లివింగ్ విల్‌ని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో సులువు చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం ఉంటే సరిపోతుంది. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం దీన్ని అమలు చేస్తూ ఉత్తర్వులిచ్చింది. కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చాక వెంటిలేటర్ మీద ఉంచాలా వద్దా అన్న నిర్ణయం భారం పిల్లల మీద పెట్టకుండా నేనూ మా ఆయనా ఇద్దరం రాసుకున్నాం.

హెబ్బాళ_తండ్రి:
మా బాబుకి ఆటిజం, ఇరవై రెండేళ్లు. మా తర్వాత వాడికి ఎలా?

జయనగర్_ఆడిటర్:
అన్నా, మీది ఒట్టి వీలునామాతో తీరేది కాదు. 1882 ట్రస్టుల చట్టం కింద బాబు కోసం ప్రైవేట్ ట్రస్టు పెట్టండి, నమ్మకమైన ఇద్దరు ముగ్గురు ట్రస్టీలను మీకంటే చిన్నవాళ్లను పెట్టి, వాడి ఖర్చులకి, వైద్యానికి, ఉండే చోటుకి ఎలా వాడాలో అందులో రాయండి, వీలునామాలో ఆస్తిని ఆ ట్రస్టుకి వెళ్లేలా పెట్టండి. పద్దెనిమిది దాటింది కాబట్టి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా లోకల్ లెవెల్ కమిటీలో గార్డియన్‌షిప్ కూడా తీసుకోండి, ఆటిజం ఆ చట్టం కిందికి వస్తుంది. బాబు పేరు మీద నేరుగా ఏదీ రాయకండి. వేరే ఒక పోస్టు పెట్టండి, చేసినవాళ్లని పిలుస్తాను.

బానసవాడి_రావు:
ఇంతమంది ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ వేల నమస్కారాలు. పొలం తాతగారి నాటిదే ఆడిటర్ గారూ, పాస్‌బుక్ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ పని పెట్టుకుంటాను. కొన్ని చిన్న సందేహాలు. వీలునామా తెలుగులో రాయొచ్చా? రిజిస్టర్ చేయాల్సిందేనా? సాక్షులు ఎవరు? కాగితం ఎక్కడ పెట్టాలి?

జయనగర్_ఆడిటర్:
ఏ భాషలోనైనా రాయొచ్చు, చేత్తో తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు పేపర్ అక్కర్లేదు. బెంగళూరులో రిజిస్టర్ చేయించాలంటే మాత్రం తెలుగు కాగితానికి అనువాదం జత చేయమంటారు, కాబట్టి ఇంగ్లిష్‌లోనో కన్నడంలోనో రాయించండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించండి, రేపు సంతకం మీద అనుమానాలు తగ్గుతాయి. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో సమయం తీసుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లొచ్చు.

సాక్షులు ఇద్దరు ఉండాలి. మీరు వాళ్ల ముందు సంతకం పెట్టాలి, వాళ్లు మీ ముందు పెట్టాలి. లోపల ఏముందో వాళ్లకి చూపించక్కర్లేదు. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి, మీకంటే చిన్నవాళ్లను, ఊళ్లు మారిపోనివాళ్లను చూడండి. ఎగ్జిక్యూటర్‌గా, అంటే వీలునామాని అమలు చేసే మనిషిగా, డల్లాస్ అబ్బాయి కంటే హైదరాబాద్ అమ్మాయి నయం, దగ్గరలో ఉంటుంది. ఫ్లాట్ నంబరు, సేల్ డీడ్ నంబరు, సర్వే నంబరు, ఖాతా వివరాలు స్పష్టంగా రాయండి. ఆవిడ మీకంటే ముందు పోతే ఎవరికి అన్న వాక్యం మర్చిపోకండి, చాలామంది అక్కడే వదిలేస్తారు.

యలహంక_పార్వతి:
అసలు కాగితం బ్యాంకు లాకర్‌లో మాత్రం పెట్టకండి రావు గారూ. మీరు పోయాక లాకర్ తెరవడానికే కాగితాలు అడుగుతారు, ఆ కాగితం లాకర్ లోపలే ఉంటుంది. ఇంట్లో ఫలానా బీరువాలో ఫలానా ఫైల్లో ఉందని అమ్మాయికి చెప్పండి, కాపీ ఎగ్జిక్యూటర్ దగ్గర ఉంచండి. ఒక నోట్‌బుక్‌లో ఏ బ్యాంకు, ఏ పాలసీ, ఏ మ్యూచువల్ ఫండ్ ఫోలియో, పాన్, పీఎఫ్ యూఏఎన్ నంబరు రాసి మీ ఆవిడకి చూపించండి, పాస్‌వర్డ్‌లు అందులో రాయకండి. ఎవరికైనా చేబదులు ఇచ్చి ఉంటే, తీసుకుని ఉంటే అదీ రాయండి.

మీ ఆవిడ సంగతికొస్తే, ఇది నీకోసమే, రేపు ఎవరి సంతకం కోసం నువ్వు ఎదురుచూడకుండా ఉండాలని చేస్తున్నానని ఒక్కసారి నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పి చూడండి. మా ఇంట్లో ఇద్దరం ఒకేరోజు వెళ్లి రెండు వీలునామాలూ రిజిస్టర్ చేయించుకున్నాం.

బానసవాడి_రావు:
లాకర్ మాట మంచి టైములో చెప్పారు, మా ఆవిడ సరిగ్గా అక్కడే పెడదామంది. అమ్మాయి దసరాకి వస్తోంది, అబ్బాయిని వీడియో కాల్‌లో పెట్టి నలుగురం మాట్లాడుకుంటాం.

హొరమావు_సుజాత:
ఆలోపు ఆధార్, పాన్, పాస్‌బుక్, సేల్ డీడ్ నాలుగూ పక్కపక్కన పెట్టి పేరు ఎలా ఉందో చూసుకోండి రావు గారూ. తేడా ఉంటే ముందు పాన్‌లో, ఆధార్‌లో పేరు ఒకేలా చేయించండి, మిగతావి వాటిని చూపించి మార్చుకోవచ్చు.